దకార్ నుంచి వగదూగు దాకా: ఫ్రాన్సు ఏలిన ఆఫ్రికా తన కథ తానే చెప్పుకున్న సినిమా

1934 మార్చి 11న ఫ్రాన్సు ఒక ఉత్తర్వు తెచ్చింది. అప్పటి వలసల మంత్రి పియెర్ లవాల్ పేరుతో అది ‘లవాల్ ఉత్తర్వు’గా చరిత్రలో నిలిచింది. ఫ్రెంచి ఆఫ్రికా వలసల్లో ఎవరు సినిమా తీయాలన్నా ముందుగా కథ చూపించి, పనిచేసేవాళ్లెవరో చెప్పి, అక్కడి గవర్నరు దగ్గర అనుమతి తీసుకోవాలని దాని సారాంశం. ఎవరు తీస్తారు, ఏం చూపిస్తారు అన్న రెండూ దాంతో పాలకుల చేతిలోకి వెళ్లాయి. సెనెగల్, మాలి, నైజర్, అప్పర్ వోల్టా వంటి నేలల మీద పుట్టినవాళ్లు తమ ఊరిని తామే తెరకెక్కించడానికి ఆ తర్వాత దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. ఫ్రెంచి మాట్లాడే సమాజాల గురించి తెలుసుకోవాలనుకునే వారికి ఈ ప్రాంతపు సినిమా ఇవాళ ముఖ్యమైన ఆధారం. ఆ ఆధారం ఎలా తయారైందో తెలిస్తేనే అందులో ఉన్నదేమిటో సరిగా అర్థమవుతుంది.

కెమెరా మీద కాపలా

పాలకుల అనుమతితో తీసిన చిత్రాల్లో ఆఫ్రికా ఎక్కువగా వేటకూ ప్రయాణాలకూ వెనక కనిపించే దృశ్యం. లేదంటే రోడ్లు, ఆసుపత్రులు, బడులు చూపించి వలస పాలనను మెచ్చుకునే ప్రచారం. ఆ గీత దాటినవాళ్లను ప్రభుత్వం వదిలిపెట్టలేదు. వదలనిది ఆఫ్రికన్లనే కాదు, సొంత దేశస్థులను కూడా. 1949లో రెనె వోత్యే అనే ఇరవై ఒక్కేళ్ల కుర్రవాణ్ని బడిపిల్లలకు చూపించే విద్యాచిత్రం కోసం పశ్చిమ ఆఫ్రికాకు పంపారు. అక్కడ కళ్లారా చూసిన వెట్టిచాకిరీని, సైన్యం తగలబెట్టిన పల్లెలను అతను చిత్రీకరించాడు. ‘ఆఫ్రిక్ 50’ అన్న ఆ పదిహేడు నిమిషాల చిత్రానికి ప్రతిఫలంగా జైలుశిక్ష పడింది. ఆ చిత్రం ఫ్రాన్సులో దాదాపు నలభై ఏళ్లు నిషేధంలో ఉంది.

1953లో అలెన్ రెనె, క్రిస్ మార్కర్ ‘విగ్రహాలు కూడా చనిపోతాయి’ అన్న అర్థం వచ్చే శీర్షికతో మరో చిత్రం తీశారు. ఆఫ్రికాలో పూజలందుకున్న, జాతరల్లో ఆడిన ముసుగులు, బొమ్మలు యూరపు మ్యూజియాల అద్దాల వెనక ఎలా ప్రాణం కోల్పోయాయో అందులో చెప్పారు. దాన్ని తీయించినది పారిస్‌లో నల్లజాతి మేధావులు నడిపే ‘ప్రెజాన్స్ ఆఫ్రికెన్’ పత్రిక. వలస పాలనను సూటిగా నిలదీసిన రెండో భాగాన్ని ప్రభుత్వం ఏళ్ల తరబడి బయటికి రానివ్వలేదు.

పారిస్ సినిమా విద్యాసంస్థ ఇదెక్ నుంచి 1955లో పట్టా పుచ్చుకున్న మొదటి నల్లజాతి ఆఫ్రికన్ పోలాఁ సుమాను వియేరా. ఇవాళ బెనిన్‌లో ఉన్న పోర్తో నోవోలో ఆయన పుట్టారు. స్వదేశంలో తీయడానికి దారి లేకపోవడంతో మిత్రులతో కలిసి పారిస్‌లోనే ‘ఆఫ్రిక్ సుర్ సెన్’ తీశారు. సెన్ నది ఒడ్డున, కాఫీ హోటళ్లలో, విశ్వవిద్యాలయ పేటల్లో తిరిగే ఆఫ్రికన్ విద్యార్థుల జీవితమే దాని వస్తువు. అంతవరకు తెల్లవాడు ఆఫ్రికాను చూసేవాడు. ఈ ఇరవై నిమిషాల చిత్రంలో ఆఫ్రికన్ పారిస్‌ను చూశాడు. ఆఫ్రికన్ సినిమాకు తొలి అడుగుగా దీన్నే చెబుతారు.

జాన్ రూష్: మిత్రుడా, పరాయివాడా

వలస కాలం చివర్లో ఈ ప్రాంతాన్ని అందరికంటే ఎక్కువగా చిత్రీకరించినవాడు జాన్ రూష్. వంతెనలు కట్టే ఇంజినీరుగా 1941లో నైజర్‌కు వచ్చి, మానవశాస్త్రవేత్తగా మారిపోయాడు. 1955లో విడుదలైన ‘లె మెత్ర్ ఫూ’ అతని చిత్రాల్లో అన్నిటికంటే వివాదాస్పదమైనది. నైజర్ నుంచి అక్రాకు వలసవెళ్లిన కూలీలు పూనకంలో గవర్నరుగా, సైనికాధికారిగా, రైలింజను డ్రైవరుగా మారి ప్రవర్తించడం అందులో చూపించాడు. పాలకుల కవాతునూ దర్పాన్నీ కూలీలు తమ ఒంటిమీదికి తెచ్చుకున్న ఆ దృశ్యాలు రెండు పక్షాలకూ నచ్చలేదు. బ్రిటిష్ వారు గోల్డ్ కోస్టులో దాన్ని నిషేధించారు. పారిస్‌లో చూసిన ఆఫ్రికన్ విద్యార్థులు తమవాళ్లను ఆటవికులుగా చూపించారని మండిపడ్డారు.

1958 నాటి ‘మ్వా, అఁ నువార్’లో రూష్ పద్ధతి మార్చాడు. అబిజాన్ నగరంలోని త్రేష్విల్ పేటలో బతికే నైజర్ కూలీలకు తమ పాత్రలను తామే అల్లుకొమ్మన్నాడు. తర్వాత వాళ్లే మాటలు చెప్పారు. ఆ కూలీల్లో ఒకడైన ఉమరు గాండా కొన్నేళ్లకు స్వయంగా దర్శకుడయ్యాడు. రూష్‌తో ‘పెతి తా పెతి’లో నటించిన సెనెగల్ ఉపాధ్యాయురాలు సఫీ ఫాయ్ కూడా అదే దారి పట్టింది. అయినా ఆఫ్రికన్ దర్శకులు రూష్‌ను నిలదీయడం మానలేదు. తమను పురుగుల్ని పరిశీలించినట్టు పరిశీలిస్తున్నారని 1965లో అతనితో ముఖాముఖి అన్న దర్శకుడు ఉస్మాన్ సెంబెన్.

బండివాడు, మనీయార్డరు

1960 ఒక్క ఏడాదిలోనే ఫ్రాన్సు ఏలుబడిలోని 14 ఆఫ్రికా భూభాగాలు స్వతంత్రమయ్యాయి. జెండాలు మారినా ఫ్రెంచి భాష దఫ్తరుల్లోనూ కోర్టుల్లోనూ బడుల్లోనూ అలాగే ఉండిపోయింది. గోదావరి ఒడ్డున 1954 దాకా ఇదే సామ్రాజ్యంలో ఉన్న యానాంలో ఇంట్లో తెలుగు, సర్కారు కాగితంలో ఫ్రెంచి నడిచినట్టే, దకార్‌లో ఇంట్లో వోలోఫ్, కౌంటరు దగ్గర ఫ్రెంచి నడిచింది. ఈ చీలికను తెర మీదికి తెచ్చినవాడు సెంబెన్.

1923లో దక్షిణ సెనెగల్‌లోని జిగించోర్‌లో జాలరి కుటుంబంలో పుట్టిన సెంబెన్ రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో పనిచేశాడు. తర్వాత మార్సెయ్ ఓడరేవులో మూటలు మోశాడు, కార్మిక సంఘంలో చేరాడు, నవలలు రాశాడు. ఫ్రెంచిలో రాసిన పుస్తకం తన ఊళ్లో చదవగలిగేవాళ్లు కొద్దిమందేనని గ్రహించి, నలభై ఏళ్ల వయసుకు దగ్గరపడ్డాక మాస్కో వెళ్లి సినిమా నేర్చుకున్నాడు. సినిమా తన జనానికి రాత్రిబడి అని ఆయన నమ్మకం.

1963లో వచ్చిన ‘బొరొమ్ సరెత్’ ఇరవై నిమిషాల చిత్రం. దకార్ పేదల పేటలో గుర్రబ్బండి తోలే ఒకతని ఒక్కరోజు కథ. ఎక్కినవాళ్లు కొందరు డబ్బివ్వరు. వచ్చిన కాస్త సొమ్మూ అతని పూర్వుల గొప్పలు పాడే గ్రియోకు, మన భట్రాజు లాంటి వాడికి, ధారపోస్తాడు. చివరికి సూటు వేసుకున్న ఒక బేరం వస్తుంది. ప్లాతో అనే ధనికుల పేటకు బండ్లు వెళ్లకూడదు, అయినా ఆశపడి తోలుకెళతాడు. పోలీసు ఆపుతాడు. కాగితాలు తీస్తుంటే అతని జేబులోంచి యుద్ధపతకం కిందపడుతుంది. వంగి తీసుకోబోతే దాని మీద పోలీసు బూటు పడుతుంది. ఫ్రాన్సు కోసం పోరాడినవాడి పతకాన్ని స్వతంత్ర సెనెగల్ పోలీసు తొక్కాడు. ఈ దృశ్యం స్వాతంత్ర్యం తెచ్చిన మార్పు ఎంతటిదో చెబుతుంది. బండి జప్తయి, గుర్రంతో ఉత్తచేతులతో అతను ఇంటిదారి పడతాడు.

1966 నాటి ‘లా నువార్ ద...’ ఉప సహారా ఆఫ్రికా దర్శకుడు తీసిన తొలి పూర్తినిడివి కథాచిత్రాల్లో పేరుమోసినది. ఒక ఫ్రెంచి పత్రికలో వచ్చిన వార్త దీనికి మూలం. దకార్‌లో పిల్లల్ని చూసుకోవడానికి కుదిరిన దియువానా అనే అమ్మాయి యజమానుల వెంట ఫ్రాన్సులోని ఆంతీబ్‌కు వెళుతుంది. అక్కడ వంటకూ అంట్లకూ బట్టలకూ నాలుగు గోడల మధ్య బందీ అవుతుంది, చివరికి ప్రాణం తీసుకుంటుంది. పైకి ఆమె పలికేది ముక్తసరిగా. లోపలి మాట మాత్రం ధారాళమైన ఫ్రెంచిలో వినిపిస్తుంది. ఆ గొంతు హైతీ గాయని తొతొ బెసెంత్‌ది. సినిమా మొత్తం ఫ్రెంచిలో ఉండడానికి కారణం డబ్బూ పంపిణీ రెండూ ఫ్రాన్సులో ఉండడమే. ఆ ఏడాది ఫ్రాన్సులో జాన్ విగో బహుమతి, అదే ఏడాది ట్యునీసియాలో మొదలైన కార్తేజ్ ఉత్సవంలో బంగారు తనీత్ ఈ చిత్రానికి దక్కాయి.

1968లో ‘మాందబి’తో సెంబెన్ ఇంటి భాషకు వచ్చాడు. ఫ్రాన్సు నిర్మాణ షరతుల వల్ల ఫ్రెంచిలో కూడా తీయక తప్పలేదుగానీ, వోలోఫ్ రూపమే సెనెగల్ ప్రజల మనసుకు చేరింది. పశ్చిమ ఆఫ్రికా భాషలో వచ్చిన మొదటి పూర్తినిడివి చిత్రంగా దానికి గుర్తింపు. ఇద్దరు భార్యలతో, పనీపాటా లేక రోజులు వెళ్లదీసే ఇబ్రహీమా జెంగ్‌కు పారిస్‌లో వీధులూడ్చే మేనల్లుడి నుంచి 25,000 ఫ్రాంకుల మనీయార్డరు వస్తుంది. అందులో ఎక్కువభాగం దాచిపెట్టమని, కొంత తన తల్లికిచ్చి కొంత మామను ఉంచుకోమని కుర్రవాడు రాస్తాడు. పోస్టాఫీసుకు వెళితే గుర్తింపు కార్డు అడుగుతారు. కార్డుకు జనన పత్రం కావాలి, జనన పత్రానికి పుట్టినరోజు తెలియాలి. అతనికి పుట్టినరోజు తెలియదు. ఫొటోకు, స్టాంపుకు, తెలిసినవాడి సిఫార్సుకు డబ్బులు ఖర్చవుతాయి. ఈలోగా డబ్బు వచ్చిందని విన్న ఇరుగుపొరుగు అప్పులకోసం, బియ్యంకోసం వాకిట్లో నిలబడతారు. ఫ్రెంచి బాగా వచ్చిన చదువుకున్న బంధువు సాయం చేస్తానని పత్రాల మీద సంతకం చేయించుకుని మొత్తం మింగేస్తాడు. కౌంటరు అవతలివాడి ఫ్రెంచి, ఇవతలివాడి వోలోఫ్ ఈ కథలో రెండు వర్గాలను విడదీసే గోడ. వలసపాలన పోయాక ఆ గోడను కాపలా కాసేది స్వదేశీ గుమాస్తాలే. ఈ చిత్రానికి వెనిస్ ఉత్సవంలో బహుమతి వచ్చింది.

సొమ్మెవరిది, హాలెవరిది

ఈ సినిమాలకు డబ్బు ఎక్కడిదన్నది చిన్న విషయం కాదు. 1963లో ఫ్రాన్సు సహకార మంత్రిత్వశాఖ సినిమా విభాగాన్ని పెట్టింది. జాన్ రెనె దెబ్రిక్స్ దాన్ని నడిపారు. ఈ విభాగం ముందే నిధులిచ్చేది. లేదంటే పూర్తయిన చిత్రాన్ని కొని, ఆఫ్రికాలోని ఫ్రెంచి సాంస్కృతిక కేంద్రాల్లో చూపించేది. కెమెరాలు, ఎడిటింగు గదులు పారిస్‌లో ఉండేవి. ‘లా నువార్ ద...’ కథను మొదట ఈ విభాగమే తిరస్కరించింది, చిత్రం పూర్తయ్యాక కొన్నది. సాయం లేకుంటే ఈ చిత్రాల్లో చాలావాటికి పుట్టుకే లేదు. సాయం ఉన్నంతకాలం ఏ కథకు సొమ్ము రావాలన్న మాట పారిస్‌లోనే తేలేది.

సినిమాహాళ్ల సంగతీ అంతే. కొమాసికో, సెక్మా అనే రెండు కంపెనీలు ఫ్రెంచి ఆఫ్రికా పంపిణీని పంచుకున్నాయి. హాళ్లలో అమెరికన్ కౌబాయ్ చిత్రాలు, ఫ్రెంచి చౌకరకం చిత్రాలు, ఈజిప్టు పాటలు, హిందీ చిత్రాలు ఆడేవి. దకార్ జనం హిందీ సినిమా పాటలకు అలవాటుపడింది ఆ రోజుల్లోనే. సొంత దర్శకుల చిత్రాలకు మాత్రం హాలు దొరకడం కష్టం. 1970 జనవరిలో అప్పర్ వోల్టా ప్రభుత్వం హాళ్లను జాతీయం చేసింది. ఆ కంపెనీలు చిత్రాలు పంపడం ఆపేశాయి. ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. టికెట్ల రాబడిలో కొంత సినిమా నిర్మాణానికి మళ్లించింది. ఆ నిధితోనే 1972లో మమదు జిమ్ కోలా తీసిన దేశపు తొలి పూర్తినిడివి చిత్రం వచ్చింది.

అప్పర్ వోల్టా రాజధాని వగదూగులో 1969 ఫిబ్రవరిలో ఆఫ్రికన్ సినిమా వారోత్సవం పెట్టుకున్నారు. నిర్వాహక సంఘానికి అలిమత సలంబేరే అధ్యక్షురాలు. 1972లో అది ఫెస్పాకోగా పేరు మార్చుకుంది. అక్కడ ఇచ్చే పెద్ద బహుమతి ‘యెన్నెంగ గుర్రం’. మొస్సి జాతికి ఆదిమాతగా చెప్పుకునే, గుర్రమెక్కి యుద్ధాలు చేసిన రాకుమార్తె యెన్నెంగ పేరుమీద దాన్ని పెట్టారు. మొదటి బహుమతి 1972లో నైజర్ దర్శకుడు ఉమరు గాండా ‘వజు పొలిగామ్’కు దక్కింది. రూష్ చిత్రంలో నటించిన ఆ కూలీయే అతను. 1979 నుంచి ఈ ఉత్సవం రెండేళ్లకొకసారి జరుగుతోంది. ఆఫ్రికా దర్శకులు తమ ప్రేక్షకుల నడుమే తమ చిత్రం చూసుకునే చోటు అది.

ఇంటి భాషల్లో, ఇంటి కథల్లో

1970ల నుంచి కొత్త చూపులు వచ్చాయి. సఫీ ఫాయ్ 1975లో ‘కద్దు బెకత్’ తీసింది. ఉప సహారా ఆఫ్రికాలో ఒక మహిళ తీసి, హాళ్లలో విడుదలైన మొదటి పూర్తినిడివి చిత్రం అది. సెరెర్ రైతులు తమ మధ్య కూర్చుని మాట్లాడుకున్నట్టుగా, వేరుశనగే పండించమని వలస కాలం నుంచి సాగిన ఒత్తిడి ఇంటి గాదెనూ పెళ్లినీ ఎలా ఖాళీ చేసిందో చెబుతుంది. వర్షం లేక పంట పోతే, కన్యాశుల్కం ఇవ్వలేక కుర్రవాడు దకార్‌కు వలసపోవాలి. లెక్కల పుస్తకం చెప్పలేని ఆర్థిక చరిత్ర ఈ చిత్రంలో దొరుకుతుంది.

1973లో జిబ్రిల్ జొప్ మంబెటి ‘టుకి బుకి’ తీశాడు. కొమ్ములు తగిలించిన మోటారుసైకిలు మీద తిరిగే మోరి, అంత అనే ప్రేమికులకు పారిస్ చేరాలన్నదే కల. నేపథ్యంలో జొసెఫీన్ బేకర్ పారిస్ పాట మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. ఓడ దగ్గర మోరి ఆగిపోతాడు, అంత వెళ్లిపోతుంది. స్వతంత్రమై పుష్కరకాలం దాటినా ఫ్రాన్సు మీద మోజు ఎంత బలంగా ఉందో, ఉన్నచోటు విడిచి పోవడం ఎంత కష్టమో ఇంత చురుకుగా చెప్పిన చిత్రం అరుదు.

మాలి దర్శకుడు సులేమాన్ సిసె బంబర భాషలో తీసిన ‘యేలెన్’కు 1987 కాన్ ఉత్సవంలో జ్యూరీ బహుమతి వచ్చింది. అప్పటికి అప్పర్ వోల్టా పేరు బుర్కినా ఫాసోగా మారింది. ఆ దేశపు ఇద్రిస్స ఉవెద్రావొగొ తీసిన ‘తిలాయ్’ 1990లో కాన్ గ్రాండ్ ప్రి గెలుచుకుంది. ఫ్రెంచి మాట్లాడే దేశాల ప్రతినిధులుగా పిలిచిన ఈ చిత్రాల్లో ఫ్రెంచి దాదాపు వినబడదు. ఊరి నడవడి, వరసలు, పరువు, శాపం, జ్ఞానం అన్నీ ఇంటి భాషల్లోనే నడుస్తాయి.

ఇదే కాలంలో సెంబెన్ చరిత్ర పుటల్లో దాచిన మాటను బయటికి తీశాడు. 1944 డిసెంబరు 1న దకార్ దగ్గరి త్యరోయ్ శిబిరంలో, జర్మన్ల చెర నుంచి తిరిగొచ్చిన ఆఫ్రికన్ సైనికులు తమకు రావలసిన జీతం అడిగితే ఫ్రెంచి సైన్యం కాల్పులు జరిపింది. 1988లో త్యెర్నొ ఫతి సౌతో కలిసి తీసిన ‘కాం ద త్యరోయ్’ ఆ ఘటననే తెరకెక్కించింది. వెనిస్‌లో ప్రత్యేక బహుమతి వచ్చినా, ఫ్రాన్సులో అది ఏళ్ల తరబడి హాళ్లకు రాలేదు. 2024 నవంబరులో ఫ్రాన్సు అధ్యక్షుడు సెనెగల్ అధ్యక్షుడికి రాసిన లేఖలో ఆ ఘటనను మారణకాండగా ఒప్పుకున్నాడు. సినిమా అప్పటికి ముప్పై ఆరేళ్ల కిందటిది.

కష్టాలు, కొత్త తరం

1994 జనవరిలో ఈ దేశాల్లో చలామణీ అయ్యే సీఎఫ్ఏ ఫ్రాంకు విలువను ఒక్కసారిగా సగం చేశారు. ఫిల్ముకు, పరికరాలకు, పారిస్‌లో ప్రాసెసింగుకు అయ్యే ఖర్చు రెట్టింపయింది. హాళ్లు మూతబడి గోదాములయ్యాయి, దుకాణాలయ్యాయి. ఆ కష్టకాలంలోనూ బలమైన చిత్రాలు వచ్చాయి. 2004లో సెంబెన్ చివరి చిత్రం ‘మూలాదే’ ఆడపిల్లల అంగాన్ని కోసే ఆచారాన్ని ఎదిరించింది. పారిపోయి వచ్చిన పిల్లలకు ఆశ్రయమిచ్చిన కొల్లె అనే ఆమె గుమ్మానికి అడ్డంగా రంగుతాడు కడుతుంది. ఆ తాడు దాటడానికి ఊరి పెద్దలకు ధైర్యం చాలదు. ఆచారాన్ని నిలదీయడానికి మరో పాత ఆచారమే ఆయుధమైంది. సెంబెన్ 2007 జూన్‌లో దకార్‌లో కన్నుమూశాడు.

మారిటేనియా దర్శకుడు అబ్దెర్రహ్మాన్ సిసాకొ 2006 చిత్రం ‘బమకొ’లో మాలి రాజధానిలో ఒక ఇంటి వాకిట్లో ప్రపంచ బ్యాంకు మీద, ఐఎంఎఫ్ మీద విచారణ సాగుతుంది. వాదించేవాళ్లు నిజం న్యాయవాదులు. వాదన ఫ్రెంచిలో నడుస్తుంటే పక్కనే ఆడవాళ్లు బట్టలకు రంగులద్దుతూ ఉంటారు. చివరికొస్తుండగా ఒక వృద్ధరైతు లేచి తన భాషలో గొంతెత్తి పాడతాడు. ఆ పాటకు సబ్‌టైటిళ్లు లేవు. కోర్టు భాష రానివాడి గోడు కోర్టు వినేదెలాగన్న ప్రశ్నను సిసాకొ ప్రేక్షకుడి ముందే పెడతాడు. 2014లో వచ్చిన ఆయన ‘టింబక్టు’ ఫ్రాన్సులో ఏడు సెజార్ బహుమతులు అందుకుంది.

మంబెటి తమ్ముడి కూతురు మతీ జొప్ 2019లో ‘అత్లాంతిక్’కు కాన్ గ్రాండ్ ప్రి అందుకుంది. 2024లో ఆమె ‘దాహొమె’ బెర్లిన్ బంగారు భల్లూకం గెలిచింది. 2021 నవంబరులో ఫ్రాన్సు బెనిన్‌కు తిరిగిచ్చిన 26 రాజవస్తువుల ప్రయాణమే దాని వస్తువు. అందులో ఒక విగ్రహానికి మాట వస్తుంది. అది ఫ్రెంచిలో కాదు, ఫొన్ భాషలో మాట్లాడుతుంది. తర్వాత బెనిన్ విద్యార్థులు 26 సరిపోతాయా, మిగతావి ఎప్పుడు అని వాదించుకుంటారు. వాళ్లు వాదించుకునేది ఫ్రెంచిలో.

ఈ సినిమాల్ని చదివే తీరు

ఫ్రెంచి మాట్లాడే దేశాల సంఘానికి 1970 మార్చి 20న నైజర్ రాజధాని నియామెలో పునాది పడింది. సెంఘోర్, బుర్గిబా, హమానీ జోరి వంటి ఆఫ్రికా నాయకులే ఆ ఆలోచనకు ముందు నడిచారు. అప్పటి నుంచి విశ్వవిద్యాలయాల్లో, ఫ్రెంచి నేర్పే సంస్థల్లో ఈ చిత్రాలు పాఠ్యాంశాలయ్యాయి. వీటిని చూసేవారు మూడు విషయాలు గమనిస్తే చిత్రం లోతుగా తెలుస్తుంది.

మొదటిది, ఎవరు ఎప్పుడు ఏ భాష మాట్లాడుతున్నారన్నది. పోస్టాఫీసులో ఫ్రెంచి, బావి దగ్గర బంబర, పోలీసు బెదిరింపులో ఫ్రెంచి, తల్లి లాలిపాటలో వోలోఫ్ వినిపిస్తే, అధికారం ఎక్కడుందో ఆప్యాయత ఎక్కడుందో భాషే పట్టిస్తుంది. రెండోది, సొమ్ము ఎక్కడిదన్నది. ఫ్రాన్సు నిధులతో వచ్చిన చిత్రం ఏం చెప్పింది, టికెట్ల రాబడితో తీసింది ఏం చెప్పింది అని పోల్చాలి. మూడోది, అది ఎక్కడ ఆడింది, ఎక్కడ ఆడలేదన్నది. ‘ఆఫ్రిక్ 50’ మీద పడిన నిషేధం, ‘కాం ద త్యరోయ్’కు హాలు దొరకకపోవడం కూడా ఆ చిత్రాల చరిత్రలో భాగమే.

ఫ్రెంచి భాషను పంచుకున్నంత మాత్రాన పారిస్, దకార్, వగదూగు ఒకే సంస్కృతి కావు. ఒకచోట అది అమ్మభాష, మరోచోట బడి పెట్టిన భాష, ఇంకోచోట చదువుకున్న వర్గం తమ పట్టు నిలుపుకునే భాష. ఫ్రెంచి పాఠ్యపుస్తకం ఈ తేడాను ఒక్క వాక్యంలో చెప్పి వదిలేయగలదు. జెంగ్ పోస్టాఫీసు కౌంటరు ముందు నిలబడిన రోజులన్నీ చూసినవారికి ఆ తేడా తెలిసే తీరు వేరు. అందుకే ఈ సమాజాల్ని తెలుసుకోవాలనుకునే వారు అక్కడివాళ్లే తీసిన సినిమాతో మొదలుపెట్టాలి.